పోలమ్మకు నేను చదివి చెప్పిన కాగితం

కాగితం మడత విప్పగానే దాని మీద నా భర్త చేతిరాత కనిపించింది. నాకు మొదట భయం వేసింది ఆ క్షణంలోనే.

అచ్చు వేసిన ఇంగ్లీషు నోటీసు అది. పేరుకు, ఊరుకు, సర్వే నంబరుకు, తేదీకి మధ్యమధ్య ఖాళీలు వదిలి ఉన్నాయి. ఆ ఖాళీలన్నీ ఆయన అక్షరాలతో నిండి ఉన్నాయి. కుడివైపుకు వాలే ఆ రాత పెళ్లికి ముందు ఉత్తరాల్లోనే నాకు పరిచయం. అది కనబడితే ఎప్పుడూ సంతోషంగా ఉండేది. ఆ రోజు మాత్రం కాగితాన్ని మళ్లీ మడిచెయ్యాలనిపించింది. గుమ్మం అవతల పోలమ్మ చేపల గంప దించుకుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ, నా ముఖంలోకే చూస్తోంది.

ఏడేళ్లయింది. ఏడేళ్లుగా దీన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా చర్చిలో ఒక్కొక్కరి పాపం విడిగా కూర్చుని వినేవాళ్లు ఉండరు. ఆదివారం అందరం తలలు వంచి మా పాపాలు క్షమించమని ఒక్కసారే అంటాం. అందరి గొంతుల్లో నా గొంతూ కలిసిపోయేది. అది నాకు చాలా సుఖంగా ఉండేది, నిజం చెప్పాలంటే. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనివ్వను. సముద్రానికి నాలుగు మైళ్ల ఇవతల, నెల్లూరు జిల్లాలో ఒక ఊరనుకోండి. పిల్లలు పడుకున్నారు. ఆయనా పడుకున్నారు. ఆయనకు నిద్ర పడుతుంది.

అప్పటికి నేను బి.ఏ. ప్యాసై రెండేళ్లు. ఒళ్లో మూడు నెలల ఆడపిల్ల. ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పోలమ్మ సముద్రపొడ్డు పాళెం నుంచి వారానికి రెండుసార్లు చేపలు తెచ్చేది. మొగుడు వేటకు పోయి తిరిగి రాలేదు. ఒడ్డున ఒక ఇసుక దిబ్బ మీద ఆమె గుడిసె. ఆ దిబ్బ మీదే చేపలు ఎండబెట్టుకునేది. పోటు వచ్చినా తడవని చోటు ఆ చుట్టుపక్కల అదొక్కటే. నాకు పాలు చాలడం లేదని ఎలా కనిపెట్టిందో, ఆ నెలంతా బాలింతకు పాలు పడే పాలసొర చేప దొరికినప్పుడల్లా వేరేగా తీసిపెట్టి తెచ్చేది. దాంతో పిట్టు ఎలా వండాలో గుమ్మంలో కూర్చుని చెప్పేది. నేను ఆమెను అక్కా అనేదాన్ని. అక్కా అన్న నోటితోనే చేశాను నేను చేసింది.

ముందు రోజు సాయంత్రం ఆయన చొక్కా విప్పుతూ నాకొక మాట చెప్పారు. "పాళెం వాళ్లెవరైనా కాగితం తెచ్చి చదవమంటే, ఆఫీసు ఇంగ్లీషు నాకు రాదని చెప్పెయ్." ఎందుకని అడిగితే, ఆ ఒడ్డు ఉప్పు మళ్లకు ఎవరికో ఇవ్వాలని పైనుంచి ఒత్తిడి ఉందని, ఫైలు త్వరగా మూసెయ్యాలని తహసీల్దారు తొందర పడుతున్నాడని అన్నారు. నేను ఆ చొక్కా తీసి కొక్కేనికి తగిలించాను. కానీ నాకు రోషం వచ్చింది. దిబ్బ గురించి కాదు. రాదని చెప్పమన్నందుకు. బి.ఏ. చదివినదాన్ని, ఇంగ్లీషు రాదని చేపలమ్మే ఆమెకు చెప్పాలా?

ఈ రోషాన్ని గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా దీనిలోంచే వచ్చింది.

నోటీసులో ఏముందో ఇప్పటికీ అప్పజెప్పగలను. ఫలానా సర్వే నంబరులో ప్రభుత్వ భూమిని నువ్వు హక్కు లేకుండా ఆక్రమించుకుని ఉన్నావు. నిన్ను ఎందుకు ఖాళీ చేయించకూడదో ఈ నోటీసు అందిన పదిహేను రోజుల్లోగా జవాబు చెప్పుకో. చెప్పకపోతే, చెప్పుకోవడానికి నీ దగ్గర ఏమీ లేదనుకుని ఉత్తర్వు ఇస్తాం. అంతే. కాలేజీలో రాజనీతి పాఠంలో మాకు ఇదే చెప్పారు. అవతలి మనిషి మాట వినకుండా ఏ అధికారీ అతనికి కీడు చేసే ఉత్తర్వు ఇవ్వకూడదని. దాని మీద నేను నాలుగు పేజీల వ్యాసం రాశాను. మంచి మార్కులు వచ్చాయి. క్లాసులో చదివి వినిపించమన్నారు కూడా.

"ఏందమ్మా అది?" అంది పోలమ్మ. "తలారి ఇచ్చి నా చేత ఏలిముద్ర ఏయించుకొని పొయ్యినాడు. ఏందబ్బా ఇది అంటే, నేను మోసేవోణ్ణే గానీ చదివేవోణ్ణి కాదు పోవే అన్నాడు."

నాకు రాదు అనాలి. ఆ రెండు మాటలు నోట్లో సిద్ధంగా ఉన్నాయి. అని ఉంటే ఆమె గంప ఎత్తుకుని బడిపంతులు దగ్గరికో, ఇంకొకరి దగ్గరికో పోయేది. ఎవరో ఒకరు చదివేవారు.

"ఇళ్లు లెక్క రాసుకుంటున్నారు పోలమ్మక్కా" అన్నాను.

"ఎవురు?"

"గవర్నమెంటు వాళ్లు. ఎవరు ఎక్కడ ఉంటున్నారో రాసుకున్నారు. నీ ఇల్లు కూడా రాసుకున్నట్టు కాగితం."

"నా పేరు ఉండాదా అందులో?"

"ఉంది. ఇదిగో." వేలు పెట్టి చూపించాను.

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, నా భర్త రాసిన ఆ అక్షరాలను మెల్లగా తాకింది. "మా ఆయన బతికుంటే నమ్మేవోడు కాదమ్మా. మమ్మల్ని లెక్క పెట్టుకునేది సముద్రం ఒక్కటే అనేవోడు" అని నవ్వింది. తర్వాత, "అయితే నేనేమన్నా చెయ్యాల్నా? ఆఫీసుకు పోవాల్నా?"

"ఏమీ అక్కర్లేదు. జాగ్రత్తగా దాచిపెట్టుకో."

"ఆ ఉప్పు గాలికి ఇనుమే నిలవదు, కాగితం నిలస్తాదా? నూనెగుడ్డలో చుట్టి పెడతాలే." గంపలోంచి రెండు సొరచేపలు తీసి గుమ్మం మీద పెట్టింది. నేను డబ్బులకు లోపలికి పోబోతే ఆపింది. "ఉండనీ అమ్మా, ఊరికే తిను. మంచి మాట చెప్పినావు."

ఆ చేపలు వండాను. తిన్నాను. పాపకు పాలిచ్చాను. ఈ వాక్యం రాయడానికే ఇంతసేపూ కూర్చున్నానేమో.

ఆయన చెప్పమన్న అబద్ధం చిన్నది. నాకు రాదు అనడం. ఆ అబద్ధంలో పోలమ్మకు ఇంకో గడప మిగిలి ఉండేది. నేను అది చెప్పలేదు. నా చదువు తక్కువ కాకూడదు, ఆయన ఉద్యోగానికి ముప్పు రాకూడదు, పోలమ్మ గుమ్మంలోంచి త్వరగా పోవాలి, ఈ మూడూ కుదిరేలా నేను సొంతంగా ఇంకో అబద్ధం అల్లాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. భర్త మాట కాదనలేకపోయాను అని చాలాకాలం నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. నిజానికి నేను ఆయన మాట కూడా వినలేదు. ఆయన అడిగినదానికంటే ఎక్కువే చేసిపెట్టాను.

ఎవరైనా వచ్చారా అని ఆయన ఆ సాయంత్రం అడిగారు. రాలేదన్నాను.

పదిహేను రోజులు గడిచాయి. నేను లెక్కపెట్టాను. పదో రోజు చెప్పొచ్చు. పద్నాలుగో రోజు కూడా చెప్పొచ్చు. మధ్యలో పోలమ్మ నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ చేపల గురించి మాట్లాడాను.

ఉత్తర్వు అమలైన రోజు ఆయన ఆఫీసు నుంచి హుషారుగా వచ్చారు. తహసీల్దారు వెంట తనూ పాళెం వెళ్లారట, కాళ్లు కడుక్కుంటూ అక్కడ జరిగింది చెప్పారు. గుడిసె తాటాకు దించుతుంటే ఒకామె లోపలికి పరుగెత్తిందట. నూనెగుడ్డ మూట పట్టుకొచ్చి, అందులోంచి కాగితం తీసి, తహసీల్దారు ముఖం ముందు పట్టిందట. "ఇదో దొరా, గవర్నమెంటు కాగితం. నా ఇల్లు రాసుకోనుండారు. చూడు, నా పేరు" అందట. తనను వెళ్లగొట్టే నోటీసునే పట్టాలాగా చూపించింది. బంట్రోతులు నవ్వారు. తహసీల్దారు నవ్వాడు. చెబుతూ చెబుతూ ఆయనా నవ్వారు.

"ఎవరు చదివారే నీకు అని అడిగితే, నన్నే చూస్తూ నిలబడింది గానీ నోరు విప్పలేదు" అన్నారు.

నన్నే చూస్తూ. ఆయనకు ఆ చూపు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఎందుకు చెప్పలేదు పోలమ్మ? గుమాస్తా పెళ్లామే చదివి చెప్పిందని నలుగురిలో అరవచ్చు కదా? నా ఒళ్లోని బిడ్డ గుర్తొచ్చిందా? చెప్పినా ఎవరూ నమ్మరనుకుందా? లేక, పేరెత్తడానికి కూడా పనికిరానిదాన్ని అనుకుందా? మూడోదే అయి ఉండాలని కోరుకుంటాను. మొదటిదైతే నేను భరించలేను.

తర్వాత ఆయనే ఒకసారి మాటల్లో చెప్పారు. ఆమె మామ కాలం నుంచి ఏటా కరణానికి కట్టిన శిస్తు రసీదులు ఆమె దగ్గర ఉండి ఉంటాయట. జవాబు వచ్చి ఉంటే విచారణ పెట్టాల్సి వచ్చేదట. అన్నేళ్ల నుంచి ఉన్నవాళ్లు అడిగితే ఆ స్థలం వాళ్లకే ఇవ్వడానికి నిబంధనల్లో దారి ఉందట. "జవాబు రాలేదు కాబట్టి తేలికైపోయింది" అన్నారు.

నాకు కోపం ఇక్కడే. ఆ ఫైలు ఇప్పటికీ ఏదో బీరువాలో ఉంటుంది. దాన్ని తిరగేసి చూడండి, ఒక్క తప్పు దొరకదు. నోటీసు ఇచ్చారు, వేలిముద్ర ఉంది. గడువు ఇచ్చారు, గడువు దాటింది. జవాబు రాలేదు, ఉత్తర్వు ఇచ్చారు. ఏ జడ్జీ వంక పెట్టలేడు. చదువు రాని మనిషికి ఇంగ్లీషులో నోటీసు ఇవ్వడం ఏం పద్ధతి? చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, నీకు అందింది కదా అనడం ఏం న్యాయం? ఎంత సిగ్గులేని పద్ధతి అది. అయినా అంత సిగ్గులేని పద్ధతిలో కూడా ఆమెకు ఒక తలుపు పెట్టారు. పదిహేను రోజుల తలుపు. దాన్ని మూసింది తహసీల్దారు కాదు. ఉప్పు మళ్ల ఆసామీ కాదు.

ఉత్తర్వు మీద అప్పీలుకు ఇంకో రెండు నెలల గడువు ఉంటుంది. అదీ నాకు తెలుసు. ఒక మధ్యాహ్నం కూర్చుని పోలమ్మ తరఫున కలెక్టరుకు అర్జీ మొదలుపెట్టాను. మూడు వాక్యాలు రాశాను. నాలుగో వాక్యంలో, గడువులోగా ఎందుకు జవాబివ్వలేదో రాయాలి. అక్కడ ఆగిపోయాను. చింపి పొయ్యిలో వేశాను. పోలమ్మ తడ ఊరి వైపు చుట్టాల దగ్గరికి పోయిందని పాళెం వాళ్లన్నారు. ఎక్కడికో సరిగ్గా ఎవరికీ తెలియదు. మరుసటి ఏడు ఒకసారి ఆ దిబ్బ వైపు వెళ్లాను. దిబ్బే లేదు. చదును చేసి మళ్లు కట్టారు. తెల్లటి ఉప్పు కుప్పలు.

ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నిన్న సాయంత్రం జరిగినదాని వల్ల. బియ్యం మిల్లు వెనక సందులో ఉండే ఒక ముసలాయన కాగితం పట్టుకుని మా వసారాలోకి వచ్చాడు. ఇప్పుడు కొన్ని నోటీసులు తెలుగులోనూ వస్తున్నాయి. పాప వసారాలో లెక్కలు చేసుకుంటోంది. ఆనాటి మూడు నెలల బిడ్డే, ఇప్పుడు మూడో క్లాసు. ముసలాయన అడగగానే కాగితం తీసుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "నోటీసు అందిన పదిహేను రోజులలోగా" అనే దాకా వచ్చింది. లోపలి నుంచి నా భర్త గొంతు వినిపించింది.

"పాపా, ఆ కాగితం ఇచ్చేసి లోపలికి రా. నీకు చదవడం రాదని చెప్పు తాతకు."

"నాకు వచ్చు కదా నాన్నా" అంది పాప.

"రాదని చెప్పమన్నానా?"

పాప నన్ను చూసింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. అదే గుమ్మం. పాప ఆ ముసలాయన వైపు తిరిగి, "నాకు రాదు తాతా" అంది. ముసలాయన పాప తల నిమిరి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను కదల్లేదు. మళ్లీ కదల్లేదు. ఏడేళ్లు కుమిలి నేను నేర్చుకున్నది ఇంతేనా? నా చేతుల్లో పెరిగిన పిల్లకు, నా కళ్ల ముందే, ఆనాడు నన్ను చెప్పమన్న అబద్ధాన్నే నేర్పించారు. నేర్పనిచ్చాను.

ఇక్కడి దాకా రాత్రి రాశాను. మిగిలింది పొద్దున రాస్తున్నాను, ఆయన ఆఫీసుకు వెళ్లాక.

పిల్లలిద్దరినీ, పాపనూ ఐదేళ్ల తమ్ముణ్ణీ, వంటింట్లో ముందు కూర్చోబెట్టుకుని చెప్పాను. "నిన్న నాన్న చెప్పింది తప్పు. నేను ఊరుకున్నది ఇంకా పెద్ద తప్పు. ఎవరైనా కాగితం తెచ్చి చదవమంటే ఉన్నది ఉన్నట్టు చదవాలి. గడువు ఎప్పటిదాకానో రెండుసార్లు చదివి చెప్పాలి. దాని మీద నాన్న రాత ఉన్నా సరే. నువ్వు చంటిపిల్లగా ఉన్నప్పుడు పోలమ్మ అనే ఆమె నన్ను నమ్మి ఒక కాగితం తెచ్చింది. నేను అబద్ధం చదివాను. ఆమె ఇల్లు పోయింది. ఈ సంగతి సాయంత్రం నాన్నకు కూడా చెబుతాను. ఇప్పుడు బడికి పోతూ మిల్లు వెనక తాత ఇంటికి ముగ్గురం వెళ్లి, ఆ కాగితం చివరిదాకా చదివి వద్దాం."

పాప పుస్తకాల సంచి భుజాన వేసుకుంది. "తర్వాత పోలమ్మ ఇంటికి కూడా వెళ్లి సరిగ్గా చదివి వద్దామా అమ్మా?" అంది.

"పోలమ్మకు ఇల్లు లేదు" అన్నాను. "నేనే లేకుండా చేశాను."