సలీం భాయ్ రూటర్

పాల్వంచలో చండ్రుగొండ బస్సెక్కిన ప్రతిసారీ హెప్సిబాకు కండక్టర్ మీద కూడా కోపం వచ్చేది. పాపం, ఆయన చేసిందేమీ లేదు. ఆమె వెళ్లేది సలీం దగ్గరికి, అదీ సంగతి.

హెప్సిబా ఓ ఇంటర్నెట్ కంపెనీ ఉద్యోగి. కంపెనీ లైన్ తీసుకుని ఊళ్లలో ఇళ్లకు నెట్ ఇచ్చే కేబుల్ ఆపరేటర్లకు ఏ ఇబ్బంది వచ్చినా ఆమే చూడాలి. ఆ వానాకాలం మొదట్లో పైనుంచి హెచ్చరిక వచ్చింది. ఆపరేటర్ల రూటర్లలో ఓ లోపం బయటపడింది. దొంగలు ఎక్కడో కూర్చుని వాటిలోకి చొరబడవచ్చు. వెంటనే అప్‌డేట్ వేయించాలి. వేసేటప్పుడు లైన్ కాసేపు ఆగుతుంది. ఆ కాసేపు కూడా ఆపమని ఆపరేటర్లంతా మొండికేశారు. అందరిలోకీ చండ్రుగొండ సలీం మొండి.

ఒకసారి క్రికెట్ మ్యాచ్ అన్నాడు. ఇంకోసారి పిల్లల రిజల్ట్స్ అన్నాడు. చివరికి అసలు మాట చెప్పాడు.

"నడుస్తున్న దాన్ని కెలుకుడెందుకు మేడం? పోయినేడు మీ మనిషే వచ్చి అప్‌డేట్ ఏసిండు. డబ్బా చచ్చిపోయింది. ఊరంతా మమ్మల్ని తిట్టిన్రు."

అది నిజమే. నిజం కాబట్టే ఆమెకు ఇంకా చిరాకు.

ఇంతలో దమ్మపేటలో ఆపరేటర్ వీరన్న రూటర్ దొంగల చేతికి చిక్కింది. జనం బ్యాంకు పేజీ తెరిస్తే అచ్చం అలాంటిదే దొంగ పేజీ వచ్చింది. ఇప్పుడైనా భయపడతాడనుకుని హెప్సిబా పరుగున వెళ్లి చెప్పింది.

"దమ్మపేట గదా," అన్నాడు సలీం, ఛాయ్ ముందుకు జరుపుతూ. "మన తానేం కాలే."

"అయ్యేదాకా ఆగుతారా భాయ్? అయినంక నాకు ఫోన్ చేయకుండ్రి!" అని ఛాయ్ ముట్టకుండా బయటికొచ్చింది. బయట వాన. మళ్లీ సలీం షాపు రేకుల కిందే నిలబడాల్సి వచ్చింది. ఏడుపొచ్చినంత పనైంది.

సలీం భార్య ఫజిలత్ కుర్చీ తెచ్చి వేసింది.

"కూసో. బస్సు జల్దీ రాదు. గా అప్‌డేట్ ఏందో నాకు చెప్పు. నెట్ పోతే ఫోన్లు ఎత్తేది నేను, తిట్లు తినేది నేను. నన్నెవరడిగిన్రు?"

ఇన్నిసార్లు వచ్చినా ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదని హెప్సిబాకు అప్పుడు తట్టింది. అంతా విడమర్చి చెప్పింది.

ఫజిలత్ ఒక్కటే అడిగింది. "మళ్ల డబ్బా చస్తే?"

"ఇంకో రూటర్ వెంట తెస్త. ఇది చస్తే అది పెడత."

"గట్ల ముందే చెప్తే అయిపోతుండె గదా!"



ఫజిలత్ అప్పటికప్పుడే కస్టమర్ల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. "రేపు టిఫిన్ల యాళ్లకు నెట్ కాసేపు రాదు. మన మంచికే. ఫోన్లు చేయకుండ్రి."

మర్నాడు హెప్సిబా వేరే రూటర్‌ను సంచిలో పెట్టుకుని వచ్చింది. దాని అవసరమే రాలేదు. ఒక్క ఫోనూ మోగలేదు. అప్‌డేట్ అయ్యాక రూటర్ లైట్లు మళ్లీ పచ్చగా వెలిగాయి.

"గింతేనా?" అన్నాడు సలీం.

హెప్సిబా పళ్లు బిగించి వైర్లు సర్దుకుంది. అంతలో అశ్వారావుపేట ఆపరేటర్ పూల్‌సింగ్ ఫోన్ చేశాడు. "మేడం, ఈ వారమొద్దు. పెండ్లిళ్లున్నయ్."

ఆమె కళ్లు మూసుకుంది. ఫజిలత్ చెయ్యి చాపింది.

"ఫోన్ ఇటియ్. వాళ్లింటామెను పిలవమని చెప్త."