నాలుగు మడతల పంచెలో వడగట్టిన నీళ్లు

2019 వేసవి. తిరుపతిలో నీళ్లు పరీక్షించే ఒక చిన్న ల్యాబ్‌లో నేను కెమిస్ట్‌ని. ఆ నెలల్లో మాకు ఊపిరాడదు. పాత బోర్లు ఎండేదీ అప్పుడే, కొత్త బోర్లు వేసేదీ అప్పుడే. జనం క్యాన్లలో, చెంబుల్లో, ఒక్కోసారి కూల్‌డ్రింకు వాసన ఇంకా పోని సీసాల్లో నీళ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టి, తాగొచ్చా మేడం అని అడుగుతారు. ఆ సీసాలో పరీక్షిస్తే కూల్‌డ్రింకు సంగతే తెలుస్తుందని కసురుతాను. నా నోరు మంచిది కాదని ల్యాబ్‌లో అందరికీ తెలుసు. పరీక్ష మంచిదైతే చాలని నా వాదన.

మునెమ్మ ఏర్పేడు దగ్గర ఒక పల్లె నుంచి వచ్చింది. అరవై దాటిన మనిషి. స్టీలు క్యాను మూతకు గుడ్డ చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చింది. అందరిలా తాగొచ్చా అని అడగలేదు.

“ఈ నీళ్లు మంచియని సీలేసి రాసియ్యండి మేడం” అంది.

పరీక్ష చేయకుండానే సీలు వేసే ల్యాబు ఎక్కడైనా ఉంటే అక్కడికి పొమ్మన్నాను. ఆమె కదల్లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, నేను అడక్కుండానే అంతా చెప్పింది.

వాళ్ల ఇంటికి కొత్త కోడలు వచ్చింది, పేరు సుజాత. ఆ పిల్ల రోజూ వీధి చివరి కొళాయి నుంచి బిందెలు మోయడం చూడలేక, మునెమ్మ భర్త రెడ్డెప్ప పెరట్లో బోరు వేయించాడు. కొత్త బోరుకు పసుపు, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, ఇంటి ఆడమనిషి చేత మొదటిసారి మోటారు వేయించడం వాళ్ల ఆనవాయితీ. మునెమ్మ పట్టుబట్టి ఆ పని కోడలి చేత చేయించింది. నీళ్లు తేటగా వచ్చాయి. సాయంత్రానికి తొట్టిలోవి ఎర్రబడ్డాయి. మర్నాడు వాటితో టీ పెడితే సిరాలా నల్లబడింది. పక్కింట్లో ఉండే మునెమ్మ ఓరగిత్తి, అంటే రెడ్డెప్ప అన్న భార్య, గోడ మీంచి ఆ తొట్టి చూసి, పిల్ల చెయ్యి మంచిది కాదు అనేసింది. ఆ మాట వీధంతా తిరిగింది. రెడ్డెప్ప ఎవరితోనూ వాదించే మనిషి కాదు. వచ్చే శుక్రవారం మోటారు పైకి లాగి, బోరు పూడ్చేస్తానన్నాడు.

“బోరు పోతే పోనీ మేడం. మా పిల్ల ఇప్పుడు దీపం గూడా ముట్టిచ్చడంల్యా. నా చెయ్యెందుకులే అత్తా, నువ్వే పెట్టు అంటా ఉండాది” అంది మునెమ్మ.

ఆమె చెప్పేది వింటూనే నాకు రోగం తెలిసిపోయింది. తేటగా వచ్చి, నిలవ ఉంటే ఎర్రబడేవి ఇనుమున్న నీళ్లు. టీ నల్లబడటం ఇంకో గుర్తు. టీ ఆకులోని వగరుకు ఇనుము తగిలితే సిరా రంగు వస్తుంది. ఇంత తేలిక కేసు ఈ మధ్య రాలేదనుకుంటూ పరీక్షకు కూర్చున్నాను. ఐరన్ టెస్ట్‌లో నీళ్లలో ఒక రసాయనం కలుపుతాం. ఇనుము ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కగా వస్తుంది. ఇక్కడ రంగు రాలేదనే చెప్పాలి. మళ్లీ చేశాను. అంతే. నా మిషను లెక్కన అవి తిరుపతిలోకెల్లా మంచి నీళ్లు.

నాకు ఒళ్లు మండింది. అన్ని గుర్తులూ ఇనుమనే చెబుతుంటే ఇనుము మాత్రం కనపడదేం? క్యాను ముందుకు జరిపి, ఈ నీళ్లు ఎట్లా పట్టావని నిలదీశాను.

“ఎట్ల పట్టేదేంది? రాత్రంతా గంగాళంలో పెట్టి, పైన తేట మాత్రం వంచుకోని, తెల్లపంచె నాలుగు మడతలేసి వడగట్టినా. మా కోడలు చెయ్యి పెట్టిన నీళ్లు మేడం. మురికిగా తెచ్చి మీ ముందర పెడితే మీరేం రాస్తారు?”

తిట్టడానికి తెరిచిన నోరు మూసుకున్నాను. శాంపిల్ అంటే మచ్చు, నీళ్లు ఎలా వచ్చాయో అలాగే ఉండాలి. పరీక్షించాల్సిన ఇనుమంతా గంగాళం అడుగునా, పంచె మడతల్లోనూ వదిలేసి ఈమె బస్సెక్కింది. కోడలికి మంచి మార్కులు వేయించుకోవడానికి వచ్చింది.

ఆ మాటే చెప్పేసరికి మునెమ్మ ఇంకా మొండికేసింది. మంచివని మిషనే చెబుతుంటే రాసివ్వడానికి మీకేం కష్టమంది. నేనూ తగ్గలేదు.

“రాసిస్తా అక్కా. రేపు సాయంత్రం తొట్టి మళ్లా ఎర్రబడతాది. అప్పుడు మీ ఓరగిత్తి ఏమంటాది? నీళ్లు మంచియే, సీలు గూడా ఉండాది, ఇంక చెడ్డది చెయ్యే అంటాది. నా సీలుతో నీ కోడలికి ముద్ర వేయమంటావా?”

ఆమె క్యాను తన వైపు లాక్కుంది. “అయితే మీరే వచ్చి పట్టుకోండి” అంది చివరికి.

గురువారం నేను వెళ్లేసరికి మునెమ్మ, రెడ్డెప్ప పెరట్లో ఉన్నారు. సుజాత వంటింటి గడప దాటి రాలేదు. నేను అడగకముందే ఓరగిత్తి కూడా వచ్చి నిలబడింది. నాకు కావలసిందీ అదే. మీ చెయ్యి మంచిదే కదా, మోటారు మీరే వేయండి అన్నాను. ఆమె ఇటూ అటూ చూసి, తప్పక స్విచ్ నొక్కింది. నీళ్లు అద్దంలా వచ్చాయి. పైపు మూతిని గాజు సీసా అడుగుదాకా దించి, సీసా పొంగిపొర్లేదాకా పట్టి, గాలి బుడగ కూడా లేకుండా బిరడా బిగించాను. ఓరగిత్తిని కూర్చోబెట్టి, దాన్ని ఆమె ఒళ్లోనే పెట్టి, ఎవరికీ ఇవ్వొద్దన్నాను. మిగతా నీళ్లు తెల్లటి తొట్టిలో పట్టి, కాసేపు చెంబుతో ముంచి పైనుంచి ధారగా పోస్తూ ఉండమని రెడ్డెప్పకు చెప్పాను. ఆ తర్వాత దాన్ని కదపొద్దని చెప్పి అన్నానికి లేచాం.

మేం తిని, ఎండ కాస్త వాలాక చూస్తే తొట్టి ఎర్రబడింది. సీసాలో నీళ్లు తేటగానే ఉన్నాయి. ఓరగిత్తి సీసా వైపూ తొట్టి వైపూ మార్చి మార్చి చూసింది. మోటారు వేసింది తన చెయ్యే మరి.

“తేట నీళ్లకు ఎరుపు యాడనుంచి వచ్చింది?” అంది, దబాయింపు వదలకుండా.

“హారతి పళ్లెంలోకి యాడనుంచి వస్తాదమ్మా? పసుపు ఎరుపా, సున్నం ఎరుపా? రెండూ కలిస్తే ఎరుపు. ఈడ కలిసింది ఇనుమూ గాలీ” అన్నాను.

కొడవలిని వానలో వదిలేస్తే ఏమవుతుందని రెడ్డెప్పను అడిగాను. తుప్పు పడుతుందన్నాడు. ఇదీ అదే. భూమి లోపల గాలి అందని చోట, రాళ్లలోని ఇనుము నీళ్లలో ఉప్పులా కరిగిపోయి ఉంటుంది, కంటికి కనపడదు. దాన్ని మేం ఫెర్రస్ అంటాం. పైకొచ్చి గాలి తగిలితే ఫెర్రిక్‌గా మారి, ఎర్రటి తుప్పు పొడిలా అడుగున దిగుతుంది. సీసాలోకి గాలి పోలేదు కాబట్టి అది తేటగా ఉంది.

రెడ్డెప్ప తొట్టిలో వేలు ముంచి చూసుకున్నాడు. “అయితే గాలి తగలకుండా తాగాల్నా మేడం?” అన్నాడు.

మంచి ప్రశ్న. కానీ చేయాల్సింది దానికి ఎదురు. గాలి బాగా తగలనిచ్చి, ఇనుమంతా బయటపడ్డాక తీసేయాలి. నీళ్లను చిల్లుల పైపులోంచి జల్లులా తొట్టిలోకి వదలడాన్ని ఏరియేషన్ అంటారు, అంటే గాలి పట్టించడం. తర్వాత నిలవబెట్టి, ఇసుక నింపిన డ్రమ్ములోంచి దించితే చాలు. మిగతా పరీక్షలు ల్యాబ్‌లో చేసి, తాగొచ్చో లేదో చెబుతానన్నాను.

“మీ ఇంటావిడ ఈ వైద్యం ముందే చేసింది, గంగాళంతో, పంచెతో. మందు కనిపెట్టి నాకే చెప్పకుండా దాచిపెట్టింది” అంటే రెడ్డెప్ప మొదటిసారి నవ్వాడు. మునెమ్మ మూతి తిప్పుకుంది గానీ ఆమెకూ నవ్వొచ్చింది.

రెడ్డెప్ప లేచి తొట్టిలో నీళ్లు జామచెట్టు మొదట్లో పారబోశాడు. ఖాళీ తొట్టి మళ్లీ పైపు కింద పెట్టి, వంటింటి వైపు తిరిగాడు.

“అమ్మా సుజాతా, మోటారెయ్యమ్మా.”

ఆ పిల్ల ముందు అత్త ముఖం చూసింది. ఓరగిత్తి సీసా ఒళ్లో పెట్టుకుని, పక్కకు జరిగి దారిచ్చింది.

నెల తిరక్కముందే మునెమ్మ మళ్లీ వచ్చింది, ఈసారి ఆ రోజు నేనిచ్చివచ్చిన ఖాళీ సీసాలోనే నీళ్లు పట్టుకుని. వడగట్టినావా అంటే, కోడలే డ్రమ్ము కింద నేరుగా పట్టింది, నన్ను ముట్టుకోనియ్యలేదంది గర్వంగా. ఇనుము హద్దులోనే ఉంది, మిగతావీ బాగున్నాయి. రిపోర్టు రాసి సీలు వేసి ఇచ్చాను. చదవడం రాకపోయినా ఆ సీలును వేలితో తడిమి చూసుకుంది.

అంతకుముందు తేడాగా వచ్చిన ప్రతి శాంపిల్‌కూ జనం అజాగ్రత్తే కారణమనుకునేదాన్ని. అతి జాగ్రత్త కూడా కావచ్చని మునెమ్మ వల్ల తెలిసింది. ఇప్పుడు ఖాళీ సీసా చేతికిచ్చే ముందు, ఈ నీళ్ల వల్ల ఇంట్లో ఎవరికైనా మాట వచ్చిందా అని అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు. కొందరు కుర్చీ లాక్కుని కూర్చుంటారు. అంతా విన్నాక నేను చెప్పేది ఒకటే. వాళ్ల మీద మీకెంత ప్రేమున్నా సరే, నీళ్లు మాత్రం వడగట్టకుండా తెండి.