మంగ రాసిన రెండు జవాబులు

మంగను మా కాలేజీలో మంచి పిల్ల అన్నవాళ్లు లేరు. నేనూ అనను. నోరు పెద్దది. అక్షరాలు కోడి కెలికినట్టుండేవి. పక్క పిల్ల తప్పు చెబితే ముఖం మీదే నవ్వేది. అయినా ఆమె గురించి రాయడానికి కూర్చున్నానంటే, ఆమెకు జరిగింది తలుచుకుంటే ఇన్నేళ్ల తరువాత కూడా నాకు ఒళ్లు మండుతుంది కాబట్టి. చల్లారాక రాద్దామని చాలాకాలం ఆగాను. చల్లారలేదు.

తొంభైల నడుమ మాట ఇది. నారాయణగూడలో ఒక డిగ్రీ కాలేజీలో నేను పార్ట్‌టైం తెలుగు లెక్చరర్‌ని. ఏటా జూన్‌లో పిలిస్తే వెళ్లాలి, పిలవకపోతే ఇంట్లో కూర్చోవాలి. మంగ అక్కడ బి.ఎ. తెలుగు మీడియం చదివేది. తండ్రి ఈదయ్య, తల్లి కురుమమ్మ మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వలస వచ్చినవాళ్లు. అశోక్‌నగర్‌లో పాత ఇండ్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్న రోజులవి. ఆ కట్టడాల దగ్గరే ఇద్దరికీ కూలి పని. నాలా పక్క బస్తీలో రేకుల గది కిరాయికి తీసుకుని ఉండేవారు. కురుమమ్మకు ఇటుకలు మోసి మోసి మోకాళ్లు అరిగిపోయాయి. అందుకని మంగ కాలేజీ అయిపోగానే సుల్తాన్ బజార్‌లో ఒక చీరల దుకాణానికి పోయేది. పొద్దంతా వస్తే జీతం పెంచుతానని ఆ సేటు వెంటబడుతున్నాడు.

ఇంట్లో ఒక మాట అనుకున్నారు. డిగ్రీ ఒక్క దెబ్బకు పాసైతే మంగ బి.ఎడ్. చదివి టీచరవుతుంది. ఒక్క పేపరు పోయినా దుకాణమే. ఇందులో కన్నీళ్లేమీ లేవు. ఇంటి సంగతి మంగకు అందరికంటే బాగా తెలుసు, ఆ మాట పెట్టిందీ ఆమే.

టీచరు కావాలన్న పిచ్చి ఎక్కడ పట్టిందంటే చిక్కడపల్లి లైబ్రరీలో. అక్కడ బల్లల నిండా సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే కుర్రాళ్లు. పల్లెల నుంచి వచ్చి అశోక్‌నగర్ గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ, పొద్దున్నే వచ్చి కుర్చీ మీద తువ్వాలేసి జాగా ఆపుకునేవారు. వాళ్లు దేశాల పేర్లూ రాజధానులూ గొణుక్కుంటూ ఉంటే, మంగ ఆదివారాల్లో ఒక మూల కూర్చుని చరిత్ర పుస్తకాలు చదివేది. చదివి, పుస్తకం మూసేసి, ఒక కాయితం మీద మొత్తం తన మాటల్లో రాసేది. ఎదురుగా తండ్రి కూర్చున్నాడనుకుని రాసేది. రాత్రికి ఈదయ్యకు అది చదివి వినిపించేది. మరుసటి వారం చూస్తే అదే విషయం ఇంకోలా రాస్తూ ఉండేది.

"రాసిందే మళ్ల రాస్తున్నవేందమ్మా?" అని ఒకసారి అడిగాను.

"నాయినకు సమజ్ కాలే సార్. ఇంకో తీర్గ చెప్పి చూస్త."

నేను తరగతిలో ఏడాదంతా మొత్తుకున్నా ఒక్కడూ చెయ్యని పని ఈ పిల్ల అడగకుండానే చేస్తోంది. నాకు అప్పుడు పట్టరాని సంతోషమైంది.

ఇక కిషన్ రావు సంగతి. మా కాలేజీలో చరిత్ర ఆయనదే. నల్లకుంట నుంచి స్కూటరు మీద వచ్చేవాడు. ఆయన చదువుకున్న రోజుల్లో ఆయన గురువు చెప్పగా రాసుకున్న నోట్సు ఒక కట్ట ఉండేది. ఆ కట్ట విప్పి, కిటికీలోంచి రోడ్డు చూస్తూ, "కామా... కొత్త పేరా..." అంటూ చదివేవాడు. పిల్లలు వంచిన తల ఎత్తకుండా రాసుకునేవారు. బి.ఎ. చదువంటే మా దగ్గర అంతే. చెప్పింది రాసుకోవడం, రాసుకున్నది బట్టీ పట్టడం, పట్టింది పరీక్షలో కక్కడం. అసలు పుస్తకాలు ప్రిన్సిపాల్ శ్రీరామమూర్తి గారి గదిలో బీరువాలో ఉండేవి, బీరువాకు తాళం ఉండేది. కిషన్ రావు క్లాసు కిటకిటలాడేది. సొంతంగా ఒక పేజీ రాసుకురండి అనే నా క్లాసులో ఈగలు తోలుకునేవాణ్ని.

మంగ ఆఖరి ఏడాది వానల్లో కిషన్ రావు స్కూటరు డిక్కీలోకి నీళ్లు పోయి నోట్సు కట్ట తడిసింది. కొన్ని కాయితాలు ముద్దయి పోయాయి. ఆయన మిగిలినవి ఆరబెట్టుకుని, వరసగా పేర్చుకుని, మామూలుగా క్లాసుకు వచ్చాడు. నా క్లాసుకూ ఆయన క్లాసుకూ మధ్య చెక్క అడ్డం తప్ప గోడ లేదు, కనుక ఆయన పాఠం నాకు రోజూ వినక తప్పేది కాదు. ఆ రోజు ఫ్రెంచి విప్లవం.

"పారిస్ ప్రజలు ఆకలికి తాళలేక బాస్టిల్ కోటపై విరుచుకుపడి... కామా..." అని కాయితం తిప్పాడు. "ఆల్ప్స్ పర్వతములను దాటి ఇటలీలో ప్రవేశించెను. ఫుల్‌స్టాప్."

నేను సుద్దముక్క కింద పెట్టాను. నడుమ విప్లవమంతా ఎగిరిపోయింది. రాజు తల పోవడం పోయింది, నెపోలియన్ రావడం పోయింది. రొట్టె దొరకని పారిస్ జనం ఒక్క ఊపులో కొండలెక్కి ఇటలీలో దిగారు. అవతల పెన్నులు ఆగలేదు. ఒక్క గొంతు మాత్రం లేచింది. మంగది.

"సార్, నడుమ ఏదో పోయింది."

"ఏం పోలే. రాసుకో."

"ఇటలీకి పోయింది నెపోలియన్ సార్. పారిసోళ్లకు తిననీకె లేదు, కొండలెట్ల ఎక్కుతరు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. కిషన్ రావుకు ఎక్కడో తగిలింది. "నీ పుట్టుక ముందు సంది చెప్తున్న నేను ఇది. రాసుకుంటె రాసుకో, లేకుంటె బయటికి నడువు."

మంగ బయటికి నడిచింది. ఆ తరువాత ఆ క్లాసుకు హాజరు కోసం వెళ్లేది కానీ పెన్ను తీసేది కాదు. ఆ పొగరు కిషన్ రావు మరిచిపోలేదు. నేను స్టాఫ్‌రూంలో ఆయనకు మెల్లగా చెప్పి చూశాను, నోట్సులో నడుమ కాయితాలు పోయాయని. "తెలుగాయన చరిత్ర చెప్తున్నడు చూడుండ్రి" అని అందరికీ చెప్పి నవ్వాడు.

మార్చి పరీక్షల్లో ఫ్రెంచి విప్లవం అడిగారు. ఇంకేముంది, మంగ తప్ప మా కాలేజీ పిల్లలందరూ పారిస్ జనాన్ని అదే వాక్యంలో, అదే కామా దగ్గర ఆల్ప్స్ ఎక్కించారు. పేపర్లు దిద్దేవాడు అదిరిపోయి ఉంటాడు. ఒక్కడు తప్పు రాస్తే పొరపాటు, అందరూ ఒకే తప్పు రాస్తే మూకుమ్మడి కాపీ. మంగతో సహా అందరి ఫలితాలూ ఆగిపోయాయి. విచారణకు యూనివర్సిటీ నుంచి జోగారావు అనే పెద్దమనిషి, మార్చి నాటి జవాబు పత్రాలు పట్టుకుని మా కాలేజీకి దిగాడు.

జోగారావు తెలివైనవాడు, అది ఒప్పుకోవాలి. అరుపులూ బెదిరింపులూ లేవు. పిల్లలందరినీ హాల్లో దూరదూరంగా కూర్చోబెట్టి, తలా ఒక తెల్ల కాయితం ఇచ్చి, "అదే ప్రశ్న మళ్లీ రాయండి. కాపీ కొట్టనివాళ్లు ఇప్పుడూ రాయగలరు కదా" అన్నాడు. కాపలాకు నన్ను నిలబెట్టారు.

అందరూ గడగడా రాశారు. వరసల మధ్య తిరుగుతుంటే నా కళ్లముందే పారిస్ జనం ఒక్కో బల్ల మీదా కొండ దాటుతున్నారు. అశోక్‌నగర్ గదిలో ఉండి గ్రూప్స్‌కు చదివే ప్రేమ్‌సాగర్ అనే కుర్రాణ్ణి జోగారావు లేపి నోటితో చెప్పమన్నాడు. వాడు కళ్లు మూసుకుని ఊపిరి తిప్పకుండా మొత్తం అప్పజెప్పాడు, కామాలతో సహా. జోగారావు పాత పత్రాలు, కొత్త కాయితాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. పొల్లు తేడా లేదు.

"ఇది కాపీ కాదండీ. కంఠతా. కంఠతా పట్టడం నేరమేం కాదు. పైగా ఇంత ఒద్దికగా చదివించిన లెక్చరర్‌ని మెచ్చుకోవాలి" అన్నాడు.

కిషన్ రావు చేతులు జోడించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. కొండ దాటిన సంగతి ఎవరూ ఎత్తలేదు. విచారణ కాపీ గురించే గానీ చరిత్ర గురించి కాదు కదా.

అప్పుడు జోగారావు ఒక జత కాయితాలు వేరుగా తీశాడు. మంగవి. మార్చిలో ఆమె రొట్టె ధర దగ్గర మొదలుపెట్టి రాసింది. ఇప్పుడు పన్నులు ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అన్న దగ్గర మొదలుపెట్టింది. రెండూ నేను అక్కడే చదివాను. రెండూ బాగున్నాయి. రెండోది ఇంకా బాగుంది.

"అందరివీ అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఈ అమ్మాయివే రెండూ వేరువేరు. మార్చిలో రాసింది తన సొంతమైతే ఇప్పుడెందుకు రాలేదండీ? ఎక్కణ్ణుంచి చూసి రాసిందప్పుడు?" అన్నాడు జోగారావు.

నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. "సార్, ఆలోచించి రాసేటోళ్లు రెండుసార్లు ఒక్కతీర్గ రాయరు. ఈ పిల్ల రాసుడే గట్ల. నేను లైబ్రరీల చూసిన" అన్నాను.

"మీరు ఏ సబ్జెక్టండీ?"

"తెలుగు. పార్ట్‌టైం."

ఆయన నన్ను వదిలి కిషన్ రావు వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. ఈ అమ్మాయి మామూలుగా రాసేది ఇలాగేనా?"

ఒక్క మాట చాలు. అవును అంటే సరిపోయేది. కిషన్ రావు కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. చివరికి, "ఏమో సార్. నా నోట్సయితె రాసుకోదు" అన్నాడు.

మంగ లేచి నిలబడింది. "మీ నోట్సు తప్పని చెప్పిన కద సార్, అందుకేనా?" అని అడిగింది. శ్రీరామమూర్తి గారు కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. ఆ తలబిరుసు కూడా జోగారావు రాసుకున్నాడు.

కాలేజీ మొత్తం మీద కాపీ కింద పేపరు రద్దయింది ఒక్క మంగకే. కొండ దాటించినవాళ్లంతా ఫస్టు క్లాసులో, సెకండు క్లాసులో బయటపడ్డారు. కిషన్ రావుకు కాలేజీ దినోత్సవం రోజు శాలువా కప్పారు. నేను వెనకవరసలో కూర్చుని పళ్లు నూరుకున్నాను.

మంగ అన్న మాట ప్రకారం దుకాణంలో చేరిపోయింది. కానీ ఈదయ్య ఒక పట్టు పట్టాడు. కాపీ కొట్టిన పిల్ల అన్న పేరు ఇంటి మీద ఉండకూడదు, ఆ పేపరు మళ్లీ రాసి ఆ మచ్చ చెరిపెయ్యాలి అన్నాడు. సెప్టెంబరు పరీక్షకు ముందు ఒక ఆదివారం లైబ్రరీలో చూస్తే మంగ ఆ కుర్రాళ్ల మధ్య కూర్చుని కిషన్ రావు నోట్సు గొణుక్కుంటోంది. పెదాలు కదులుతున్నాయి, కళ్లు ఎక్కడో ఉన్నాయి. ఎవరి దగ్గర తెచ్చుకుందో. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

"నువ్వు గూడ కొండ దాటిస్తవా?"

"దాటిస్త సార్. ఒక్కతీర్గ రాస్తేనే ఇమానంగ, కాపీ కొట్టకుండ రాసినట్టంట కద" అంది తల ఎత్తకుండా. "గిట్ల చదువుడు మంచిగనే ఉంది. తలకాయ నొయ్యది."

దాటించింది. సెప్టెంబరులోనూ అదే ప్రశ్న వచ్చింది, మాటకు మాట, కామాకు కామా రాసింది. డెబ్బై దాటి మార్కులొచ్చాయి. మంగ అంతకుముందు చరిత్రలో ఎప్పుడూ అన్ని తెచ్చుకోలేదు.

మార్కుల మెమో తీసుకోవడానికి ఆమె వచ్చినరోజు స్టాఫ్‌రూంలో అందరం ఉన్నాం. కిషన్ రావు సంబరపడిపోయాడు. "చూసినవా బిడ్డా? నా మాట ముందే ఇంటె ఇంత పరేషాన్ ఉండకపోవు. బి.ఎడ్.కు పో ఇగ. ఆగు, జర మంచి సర్టిఫికెట్ రాసిస్త నీకు."

"వద్దు సార్" అంది మంగ. "మీకు రాసుడు రాదు."

అని మెమో మడతపెట్టుకుని బయటికి వెళ్లింది. కిషన్ రావు ముఖం కందగడ్డయింది. నేను బి.ఎడ్. దరఖాస్తు ఒకటి సంచిలో తెచ్చిపెట్టుకున్నాను. అది తీసుకుని ఆమె వెనకే పరుగెత్తి గేటు దగ్గర పట్టుకున్నాను.

"మీ నాయినతోని నేను మాట్లాడ్త. ఒక్క ఏడాదే కద పోయింది. దీని మీద సంతకం పెట్టు."

ఆమె కాయితం తీసుకుని అటూ ఇటూ తిప్పి నాకే ఇచ్చేసింది. "నాయిన ఒద్దనలే సార్. నాకే ఒద్దు. దుకాణంల ఎవరన్న చీర గురించి అడిగితె విప్పి చూపిస్తం. ఈడ అడిగితె ఏమైతదో చూసిన కద."

"నువ్వు టీచరైతె పిల్లల్ని అడగనియ్యి. నీ తీర్గ నువ్వు చెప్పు. ఎవరొద్దంటరు?"

మంగ నా ముఖంలోకి చూసింది. నవ్వలేదు. ఎప్పుడూ ముఖం మీద నవ్వే పిల్ల ఆ రోజు నవ్వలేదు.

"మిమ్మల్ని చెప్పనిచ్చిన్రా సార్?" అంది.

నేను దరఖాస్తు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆమె రోడ్డు దాటి సుల్తాన్ బజార్ వైపు పోయే బస్సెక్కింది.