యాదమ్మ విన్న తీతువు కూత

2023 జూలై. శామీర్‌పేట దాటాక ఉన్న చిన్న అడవిలో నేచర్ వాక్‌లు నడిపించడం నా పని. నేచర్ వాక్ అంటే సాహసమేం కాదు, చదునైన దారిలో మెల్లగా నడుస్తూ చెట్టూ పిట్టా చూడటం. ఎక్కువగా వచ్చేది తుర్కపల్లి ల్యాబుల ఉద్యోగులు, కుటుంబాలతో, కంపెనీ క్యాబుల్లో. సగం మందికి సెల్ఫీలే ముఖ్యం. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఆదివారం వర్షం వెలిసింది. పొదల మీదికి అడవినాభి ఎగబాకి ఎర్రగా పూసింది. "చూడండి, తెంపకండి, దీని దుంప విషం" అని చెబుతుంటే రమేశ్ అనే ఉద్యోగి తల్లి యాదమ్మ ఒక్కతే శ్రద్ధగా విన్నది. తంగేడు దగ్గర మాత్రం ఆమే ఆగి, "గివి మా బతుకమ్మ పూలు సారూ" అని మురిసిపోయింది.

పొదలు దాటి రాళ్ల నేల మీదికి రాగానే ఒక తీతువు పిట్ట మా తలల మీద తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. యాదమ్మ అక్కడే కూలబడింది.

"ఇగ నేను రాను. కోడలికి ఫోన్ జెయ్‌రా."

తీతువు కూస్తే చావు కబురు వస్తుందని ఊళ్లలో నమ్మకం. కోడలు పుట్టింట్లో ఉందట, నెలలు నిండాయట. ఇంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. రమేశ్ ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. "అమ్మా, అందరు జూస్తున్నరే" అని గొణుగుతూనే మూడోసారి నంబరు నొక్కాడు.

మూఢనమ్మకమని ఉపన్యాసమివ్వడానికి నాకు నోరు రాలేదు. ఈ పిట్ట చెట్టు మీద గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య నేల మీదే గుడ్లు పెట్టి, ఎవరైనా దగ్గరికొస్తే అరిచి తరుముతుంది. దాన్ని మేం అలారం కాల్ అంటాం. అందరినీ వెనక్కి నడిపించి, పొదల చాటున కూర్చోబెట్టి, బైనాక్యులర్స్ యాదమ్మ చేతికిచ్చాను. కాసేపటికి అరుపు ఆగింది. పిట్ట అటూ ఇటూ చూసి, రాళ్ల మధ్యకు వెళ్లి మెల్లగా ఒదిగి కూర్చుంది.

"గుడ్ల మీద కూసున్నదా?"

"అవునమ్మా. మనల్ని చూసి బెదిరింది."

"అయ్యో, మనమే దాన్ని పరేషాన్ జేసినం."

ఫొటో కోసం ముందుకు పోతున్న ఇద్దరిని ఆమే కసిరింది. "జరుగుండ్రి! జల్దీ నడువుండ్రి ఈడికెల్లి!" నాకు ప్రాణం లేచొచ్చింది.

రోడ్డెక్కేసరికి కోడలే ఫోన్ చేసింది. నిద్రపోయిందట. యాదమ్మ పిట్ట సంగతి ఎత్తలేదు. "తిన్నవా బిడ్డా?" అని మాత్రం అడిగింది.

క్యాబ్ ఎక్కుతుంటే, "భయం పోయిందా అమ్మా?" అన్నాను.

"పిట్ట భయం పోయింది సారూ. కోడలి భయం యాడికి పోతది? పిల్ల చేతికొచ్చేదాక ఉంటది."

పిట్ట పేరు, గుడ్ల రంగు చెప్పడం నాకు తేలికే. ఆ రోజు తర్వాత మాత్రం, ఎవరైనా తీతువు కూతకు బెదిరితే, దాని సంగతులు తర్వాత చెబుతాను. ముందు ఇంట్లో ఎవరి గురించి బెంగగా ఉందో అడుగుతాను.