పవిత్ర పర్వతం మీద దొర బంగళా

మలాయి దేశంలో మేముండే సుంగై పెటాని బజారులో ఇప్పుడు ఒకటో రెండో జవళి దుకాణాలే మిగిలాయి. మొన్న వాటిలో ఒకదాంట్లో దిండు గలీబులకని తెల్లగుడ్డ కోయించుకుంటుంటే, దుకాణం పిల్ల తాను విదిలించి బల్ల మీద పరిచింది. గంజి, నీలిమందు, చెక్క బీరువా కలిసిన వాసన ఒక్కసారిగా లేచింది. ఈ వాసనకి మా ఈడు వాళ్లకు మామూలుగా పెళ్లిళ్లు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం చైనా దేశంలో, తైషాన్ అనే పవిత్ర పర్వతం దక్షిణ పాదాన ఉన్న తైయాన్ అనే నగరం గుర్తుకొస్తుంది. నేను ఆ ఊరు వెళ్లలేదు. అయినా పదేళ్ల వయసులో ఆ ఊరి వీధులు మా ఊరి వీధులకన్నా నాకు బాగా తెలుసు. మా ఊళ్లో వీధులు లేకపోవడం అందుకు కొంత కారణం.

మాది రబ్బరు ఎస్టేటు. ఎటు చూసినా ఒకే రకం చెట్లు, ఒకే ఎత్తున, ఒకే దూరాన, బళ్లో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా ఉండేవి. ఏడాది మొదట్లో ఆకులన్నీ ఎర్రబడి రాలిపోయేవి. కొన్ని నెలలకు కాయలు టప్పుటప్పుమని పేలుతుంటే మేము ఆ గింజలు ఏరి, చేతివెనక పేర్చి, పిడికిలితో గుద్ది ఎవరి గింజ గట్టిదో తేల్చుకునేవాళ్లం. రబ్బరుపాలు గడ్డకట్టే షెడ్డు పులుపువాసన, పొగగూట్లో ఆరే రబ్బరు షీట్ల కమురువాసన, కూలీల లైన్ ఇళ్లలో సాయంత్రం వేయించే ఎండుచేపల వాసన, ఈ మూడింటిని బట్టి మాకు వేళ తెలిసేది. మా నాన్న ఆఫీసులో కిరాణీ, అంటే గుమాస్తా. ఎస్టేటు పటాలు గీయడం కూడా ఆయన పనే: తోటలకు సున్నాలో అంకె, దారికి చుక్కల గీత, కూలీల లైన్లకు వరసగా డబ్బాలు, నరకవలసిన చెట్లకు ఎర్ర ఇంటూ గుర్తు. ఎస్టేటులోని చిన్న కొండ మీద ఉన్న ఏకైక ఇల్లు దొరది. దానికి నాన్న పెద్ద డబ్బా గీసి, బంగళా అని రాసేవాడు.

అవి తెల్లవాళ్ల పాలన చివర్లో వచ్చిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలోంచి కమ్యూనిస్టులు వచ్చి చెట్లు నరికినా, దొరలను కాల్చినా, సైన్యం వెళ్లి అడవిని కాల్చినా దాన్ని యుద్ధం అనకూడదన్నారు, ఎమర్జెన్సీ అనాలన్నారు. అది పన్నెండేళ్లు సాగింది. అంతకాలం అత్యవసరంగా బతకడం ఎవరికైనా కష్టమే గనుక, జనం మధ్యమధ్య మామూలుగా కూడా బతికేవారు. అడవి అంచున ఉండే చైనావాళ్లందరినీ తెచ్చి ముళ్లకంచె వేసిన కొత్త గ్రామాల్లో పెట్టారు. గేటు దాటేటప్పుడు బియ్యం, తిండి డబ్బాలు అడవిలోవాళ్లకు పోకుండా మూటలు విప్పి వెతికేవారు.

ఆ గేటు దాటి, పాత సైకిలు మీద గుడ్డల మూటతో శనివారం మధ్యాహ్నాలు మా ఎస్టేటుకు వచ్చేవాడు ఒక ముసలాయన. ముసలి చైనావాళ్లను ఇక్కడ ఎవరైనా ఆపెక్ అనే పిలుస్తారు, మేమూ అలాగే పిలిచాం. బయటివాళ్లు లైన్లలోకి వెళ్లాలంటే కిరాణీ సంతకం కావాలి, కిరాణీ మధ్యాహ్నం భోంచేసి పడుకుంటాడు, కాబట్టి ఆపెక్ మా వసారాలో కూర్చునేవాడు. ఆయన ఉత్తరాది చైనా మనిషి, పట్టు తానులు భుజాన వేసుకుని ఊరూరా అమ్ముకుంటూ ఇంత దూరం వచ్చాడు. ఇక్కడి చైనావాళ్లందరూ దక్షిణాది వాళ్లు. వాళ్ల మాట ఈయనకు సగమే అర్థమయ్యేది, ఈయన మాట వాళ్లకు అసలే అర్థమయ్యేది కాదు. కట్టుకున్న భార్యతో కూడా అంగట్లో అందరూ మాట్లాడే బజారు మలాయిలోనే సంసారం చేశాడు. ఆ మలాయిలోనే మా మామ్మతో కబుర్లు చెప్పేవాడు.

కబుర్లంటే ఒకటే, తైయాన్. నల్లగుడ్డ ఒకటి నేల మీద పరిచి, దర్జీ సుద్దతో ఊరు గీసేవాడు. చుట్టూ గోడ, నాలుగు ద్వారాలు. మధ్యలో గుడి, దాని గోడనిండా పర్వతదేవుడి ఊరేగింపు బొమ్మలు. దక్షిణాన నది, పడమట రైలు స్టేషను. ఉత్తర ద్వారం దాటితే ఇక కొండే: ఆరువేల పైచిలుకు మెట్లు, సగం దారిలో ఒక ద్వారం, ఆ పైన నిట్టనిలువుగా పద్దెనిమిది మలుపులు, చిట్టచివర అమ్మవారి గుడి. నడవలేని ముసలమ్మలను తాళ్లకుర్చీల్లో కూర్చోబెట్టుకుని మోతగాళ్లు పక్కవాటంగా, పీతల్లా ఎక్కుతారట. చక్రవర్తులు అంత దూరం వచ్చి, కొండెక్కి, తాము బాగానే పాలిస్తున్నామని ఆకాశానికి విన్నవించుకునేవారట. ఆకాశం ఏమన్నదో ఆపెక్ చెప్పలేదు. మొదటి చక్రవర్తి వానలో చిక్కుకుని దేవదారు చెట్టు కింద తలదాచుకున్నాడని, వాన వెలిశాక ఆ చెట్టుకు అయిదో తరగతి అధికారి హోదా ఇచ్చాడని చెప్పినప్పుడు, పక్క గదిలోంచి నాన్న గురక ఆగింది. ఆయన అప్పటికి పదిహేనేళ్లుగా ఒకే హోదాలో ఉన్నాడు. చచ్చిపోయిన వాళ్ల పేర్లు రాసుకునే కచేరీ కూడా ఆ ఊరి పక్క గుట్టలోనే ఉందట.

మామ్మ పుట్టిల్లు సింహాచలం దగ్గర. ఈ మెట్ల లెక్క ఆమెకు గిట్టేది కాదు.

"మా అప్పన్న కొండకి వెయ్యి మెట్లే. అయితే ఏటి? మెట్లెక్కువైతే దేవుడు గొప్పోడయిపోతాడా?" అనేది.

"ఎక్కితే తెలుస్తుంది లా, అక్కా," అనేవాడు ఆపెక్, ఇక్కడివాళ్లందరిలా మాట చివర లా తగిలించి, సుద్ద తుడుచుకుంటూ.

"నీ అమ్మోరు మబ్బుల్లో ఉంటాదంతే. మా సామి ఏడాదంతా గందం పూసుకుని కూకుంటాడు. ఒక్క రోజే మొకం సూపిస్తాడు. ఎవులు గొప్ప?"

ఈ వాదం తెగేది కాదు. ఈలోగా నాన్న లేచి సంతకం పెట్టేవాడు, ఆపెక్ గుడ్డ దులిపి భుజాన వేసుకుని లైన్లలోకి వెళ్లేవాడు. సరిగ్గా దులపని రోజుల్లో ఆ నగరం ముక్కలై అమ్ముడుపోయేది. లైన్లలో ఉండే అప్పలమ్మత్త రవిక వీపు మీద చాలాకాలం తైయాన్ దక్షిణ ద్వారం లీలగా కనిపించేది.

శ్రీరామనవమికి లైన్లంతా కొత్తగుడ్డల వాసనే. భజన మందిరం ముందు కొబ్బరాకుల పందిరి, మిరియాలు ఘాటెత్తే పానకం, నానిన పెసరపప్పులో పచ్చిమామిడి తురుము, హార్మోనియం పెట్టె మీద ఆరంభంలో ఉన్నంత భక్తి చివర్లో లేని వేళ్లు. ఆ పండగ వారంలోనే పట్నం ఇంగ్లీషు బళ్లో మా టీచరు, మీకు బాగా తెలిసిన ఊరి పటం గీసుకురండి అంది. నాకు బాగా తెలిసిన ఊరు ఒకటే.

పటం ఎలా గీయాలో కూడా నాకు ఒక్క విధంగానే తెలుసు. యాత్రికుల సత్రాలకు లైన్ల డబ్బాలు గీశాను. పొలాలకు సున్నాలో అంకెలు వేశాను. హోదా ఉన్న దేవదారు చెట్టుకూ దాని తోటి చెట్లకూ ఎర్ర ఇంటూ గుర్తులు పెట్టాను, అందంగా ఉంటుందని. మోతగాళ్లు గుమిగూడే సగం దారి ద్వారం దగ్గర హాజరు మైదానం అని రాశాను. మాకు తెల్లవారుజామున కూలీలు గుమిగూడే చోటు అదే. కొండ కొసన పెద్ద డబ్బా గీసి, మరో ఆలోచన లేకుండా, బంగళా అని రాశాను. ఎస్టేటు పిల్లకు కొండ మీద ఇంకేం ఉంటుంది?

ఆపెక్ దాన్ని మోకాళ్ల మీద పరుచుకుని, దక్షిణ ద్వారం నుంచి కొండ కొసదాకా వేలితో ఎక్కాడు. తర్వాత, పేర్లు చైనా అక్షరాల్లో కుంచెతో రాసి రేపు తెచ్చిస్తానని, మడిచి మూటలో పెట్టుకుని వెళ్లాడు. మర్నాడు తెస్తుంటే గేటు దగ్గర మూట విప్పారు.

మా ఎస్టేటుకు ఉత్తరాన కూడా జెరాయ్ కొండ ఉంది, దాని నిండా అడవే. ఉత్తరాన కొండ, పైకి మలుపుల దారి, మనుషులు గుమిగూడే చోటు, పైన బంగళా, ఎర్ర ఇంటూలు, అన్నిటి పక్కనా చైనా రాత. ఇన్ని ఉన్నాక, ఇది దొర బంగళా మీద దాడికి గీసిన పటమని తేల్చడానికి పోలీసులకు భౌగోళిక శాస్త్రం వేరే అక్కరలేకపోయింది. ఆపెక్ అంతా చెప్పుకున్నాడట, కాని కంగారులో సొంత భాషలో చెప్పాడు. దుబాసీకి ఒక్క ముక్క అర్థం కాక, ఈ మనిషి ఈ ప్రాంతపు చైనావాడు కాదు, అనుమానించవలసినవాడు అని రాసిచ్చాడు. అలాంటివాళ్లను విచారణ పెద్దగా లేకుండానే ఓడెక్కించి చైనా పంపేసేవారు. ఆ మధ్యాహ్నమే దొర తన భార్యను పినాంగ్ పంపించి, నాన్నను పిలిచి పటం చూపించాడు. నాన్న నా దస్తూరినీ, తన గుర్తులనూ చూశాడు. ఏమీ తెలియదని చెప్పి ఇంటికొచ్చాడు.

"ఎవరూ నోరు మెదపకండి," అన్నాడు చొక్కా విప్పకుండానే. "ఎస్టేటు పటాలు ఇంట్లో పిల్లకి సూపించినానని తెలిస్తే నా ఉద్యోగం ఉండదు."

"ఆ ముసిలోణ్ణి ఓడెక్కించీసినాక సెప్తావేటి?" అంది మామ్మ.

"ఆడి ఊరికే గదమ్మా పంపుతారు. వారంవారం ఆ ఊరి కబుర్లే గదా."

"ఊరట, ఊరు! ఆడి పెళ్లాం ఇక్కడ ఉన్నాది. నాకూ పుట్టిల్లున్నాది, నన్నూ పంపించీ. దిగినాక నన్నక్కడ ఏటే ముసిలీ అనడానికైనా ఎవులున్నార్రా?"

 మర్నాడు పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, మామ్మనూ నన్నూ వెంటబెట్టుకుని పోలీసుల దగ్గరికి నడిచాడు. దారి పొడుగునా మామ్మ కొంగు పట్టుకునే ఉన్నాను.

తెల్ల అధికారి నా ముందు ఖాళీ కాగితం పెట్టి, చూడకుండా మళ్లీ గీయమన్నాడు. ఆపెక్ గోడ పక్కన బల్ల మీద కూర్చుని, మొదటిసారి నావైపు పరాయివాడిలా చూస్తున్నాడు. నేను దక్షిణ ద్వారం నుంచి మొదలుపెట్టాను. గీస్తూ చెప్పాను, చెబుతూ గీశాను: నది, రైలు, గుడిగోడ బొమ్మలు, పీతల్లా ఎక్కే మోతగాళ్లు, వాన, చెట్టుకిచ్చిన హోదా. అంతవరకు జీవితంలో నన్నెవరూ అంతసేపు వినలేదు, అందుచేత ఆపడం నాకు చేతకాలేదు.

"ఈ బంగళాలో ఎవరుంటారు?" అని అడిగాడు అధికారి.

"అమ్మవారు, సార్."

"మీ ఎస్టేటు బంగళాలో?"

"దొర."

"తేడా ఏమిటి?"

 "అమ్మవారి దగ్గరికి ఎవరైనా ఎక్కి వెళ్లొచ్చు, సార్."

అధికారి కిటికీవైపు తిరిగి దగ్గాడు. తర్వాత మామ్మను చూపించి, ఈమెకు కూడా ఈ కొండ తెలుసా అన్నాడు. "తెలకేటి! మెట్లు ఆరువేలు. అయినా మా సామి ముందర..." అని మామ్మ మొదలుపెట్టింది. నాన్న మొదటి వాక్యం మాత్రమే తర్జుమా చేశాడు.

మూడు వారాల తర్వాత ఆపెక్‌ను వదిలారు. పటం ఫైల్లో ఉండిపోయింది. దొర నాన్నను ఉద్యోగంలోంచి తీసేయలేదు, పైకి పోనివ్వలేదు కూడా. పటాల బీరువాకు కొత్త తాళం వేశారు, తాళంచెవి నాన్నకివ్వలేదు. ఆపెక్ మళ్లీ శనివారాలు వచ్చాడు, అదే సైకిలు, అదే మూట, మనిషి మాత్రం కొంచెం తగ్గాడు. నల్లగుడ్డ పరచలేదు.

"ఆపెక్, ఉత్తర ద్వారం దాటాక ఏముంది?" అని ఒకసారి అడిగాను, తెలిసే.

"మర్చిపోయాను లా," అన్నాడు.

 ఆ రోజు నుంచి సింహాచలం మెట్ల ఊసు మామ్మ కూడా ఎత్తలేదు.

తర్వాత తెల్లవాళ్లు వెళ్లిపోయి మెర్దెకా వచ్చింది. మైదానంలో కొత్త జెండా, లారీల నిండా జనం, రంగునీళ్ల శరబత్తు; స్వాతంత్ర్యం ఉచితంగా దొరికిన చోట అంతా బారులు తీరాం. దాని వెనకే పౌరసత్వం కాగితాలు వచ్చాయి. ఒక బడి హాల్లో బల్ల వెనక మలాయి కుర్రాడొకడు కూర్చుని, పేరు, పుట్టిన ఊరు అడిగి రాసుకుంటున్నాడు. మామ్మ తన ఊరు పేరు గట్టిగా, గర్వంగా చెప్పింది. అతను ఇండియా అని రాసుకున్నాడు. ఆమె వెనకే ఆపెక్. ఆయన కోసం ఫారం నింపింది నాన్నే. అందులో ఆ ఒక్క గడి ఖాళీగా వదిలేయమని ఆపెక్ బతిమాలాడు, కుదరదని నాన్న చెప్పాడు.

"పుట్టిన ఊరు?"

ఆపెక్ గుమ్మం దగ్గర నిలబడ్డ పోలీసును చూశాడు.  చివరికి, నాలుగేళ్ల తర్వాత, ఆ పేరు బయటికొచ్చింది.

"తైయాన్? అది ఎక్కడ?" అన్నాడు కుర్రాడు, కలం ఎత్తి.

ఆపెక్ నావైపు తిరిగాడు. నాకు నాలుగు ద్వారాలు తెలుసు, మెట్లు తెలుసు, చెట్టు హోదా తెలుసు.

"దూరం, సార్," అన్నాను. "చాలా దూరం."

అతను చైనా అని రాసుకుని, తర్వాతి మనిషిని పిలిచాడు.

ఆ ఎస్టేటు ఇప్పుడు లేదు. చెట్లు కొట్టేసి, గుట్టను చదును చేసి ఇళ్లు కట్టి, ఆ కాలనీకి కొండతోట అని పేరు పెట్టారు. మా మనవలకు తెలుగు అర్థమవుతుంది, జవాబు వేరే భాషలో వస్తుంది. రబ్బరు గింజ గట్టిదనం ఎలా తేల్చాలో వాళ్లకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరం రాలేదు. కంచె ఉన్నచోట కార్లు ఆపుకుంటున్నారు.

ఏడాదికోసారి చైనావాళ్ల శ్మశానానికి వెళ్తాను, ఆయన భార్య కూడా పోయాక అక్కడ గడ్డి పీకేవాళ్లు లేరు. వాళ్లలో సమాధి రాతి మీద పైన పూర్వీకుల ఊరు చెక్కడం ఆచారం. నూరేళ్ల కిందట వదిలేసి వచ్చిన ఊరైనా, చూడని ఊరైనా అదే చెక్కుతారు. ఆ వరసలో అందరూ సముద్రం అవతలి ఊళ్లవాళ్లుగానే పడుకుని ఉన్నారు. ఆపెక్ రాతి మీద మాత్రం సుంగై పెటాని అని ఉంది, బతికుండగానే తానే చెప్పి చెక్కించుకున్నాడట.

ఈసారి కాపలావాడు కొత్తవాడు. నేను గడ్డి పీకుతుంటే వచ్చి, అది చెక్కినవాడి పొరపాటన్నాడు. కాదన్నాను.

"మరి ఈ ముసలాయనది అసలు ఏ ఊరు?" అని అడిగాడు.

"రాతి మీద రాసుంది కదా," అన్నాను.