ఓనరక్క నడక

నెల కిందట దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరు నా షుగర్ రిపోర్టు చూసి, "రోజూ నడవండి, మనసు కూడా కుదుటపడుతుంది" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! నడక మనసునేం చేస్తుందో నేను సరూర్‌నగర్ చెరువు పక్కన, అప్పటి మా ఇల్లుగలావిడతో నడిచి తెలుసుకున్నాను.

మేం తెనాలి నుంచి వచ్చిన కొత్తలో ఆవిడ ఇంట్లోనే పై వాటాలో ఉండేవాళ్ళం. ఆవిడది ఇక్కడి ఊరే, పుట్టిల్లు బడంగ్‌పేట్. వీధంతా ఓనరక్క అనేది, నాకూ అదే అలవాటైంది. గొంతు పెద్దది. నీళ్ళ మోటారు కాస్త ఎక్కువసేపు ఆడిందంటే ఆ తిట్లు వీధి చివరికి వినబడేవి. భర్త తాగి తాగి పోయాక ఆ గొంతు ఆగిపోయింది. మంచం దిగేది కాదు. తల దువ్వుకోదు, షుగరు మాత్రలు వేసుకోదు. ఎప్పుడో మధ్యాహ్నం దాటాక చల్లారిన అన్నం ఇంత తిని మళ్ళీ గోడవైపు తిరిగి పడుకునేది. ఆ తిట్లు లేక ఇల్లు బోసిపోయినట్టుండేదంటే మీరు నమ్మరు.

ఆవిడకు ఒక్కతే కూతురు, ఏదో ల్యాబులో ఉద్యోగం. ఆ పిల్ల తల్లిని తెల్లవారుతూనే లేపి, చీర కిందికి బూట్లు తొడిగి, చెరువు పక్క పార్కుకు లాక్కుపోయేది. "నన్ను సంపుతవానే? కాళ్ళు గుంజుతున్నయ్" అని వాకిట్లోనే తగవు. "నడిచినంక తిట్టు, అమ్మా" అనేది పిల్ల. మొదట్లో పార్కు గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేది. ఎండాకాలం పోయి వానలు పట్టేసరికి, కూతురు లేపకముందే బూట్లు కట్టుకుని అరుగు మీద కూర్చునేది. పొద్దున్నే లేవాలంటే పెందలాడే పడుకోవాలి, అందుకు వేళకు తినాలి. అలా ఒకదాని వెంట ఒకటి ఆ ఇల్లంతా దారిన పడింది. షుగరు తగ్గింది. మోటారు తిట్లు మళ్ళీ మొదలయ్యాయి.

ఆ వానల్లోనే కూతురికి డెంగీ వచ్చింది. దవాఖానలో చేర్చిన వారంలోపే పోయింది.

దహనం అయిన మర్నాడు, ఇంకా సరిగ్గా తెల్లవారకముందే కింద గేటు చప్పుడైంది. పిట్టగోడ మీంచి చూస్తే ఓనరక్క, బూట్లతో. లోపల చుట్టాలు ఎక్కడివాళ్ళక్కడ పడుకుని ఉన్నారు. ఎదురింటావిడ పాలప్యాకెట్టు తీసుకుంటూ చూసి, "బిడ్డ పోయి ఒక్క దినం గాలే, వాకింగేంది గీమెకు? గుండెనా, రాయా?" అంది. నాకు మాత్రం వాకింగు తోచలేదు. చెరువే కళ్ళముందు మెదిలింది. చెప్పులైనా వేసుకోకుండా వెనకాల పరుగెత్తాను.

ఆవిడ పార్కులో నడుస్తూనే ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ, అడుగు మాత్రం ఆపకుండా. రొప్పుతూ వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. బురదైన నా కాళ్ళకేసి చూసింది.

"చెరువుల దుంకుతనని ఒచ్చినవా?"

పట్టుకున్న చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"రాత్రంత గదే సోచాయించిన. పొద్దుగాల్ల లేచెటాల్లకు కాళ్ళే బూట్లు ఎతుక్కున్నయ్. ఇయ్యాల పండుకున్ననంటే మల్ల లేవ. అప్పుడైతే లేపనీకి అదుండె. ఇప్పుడెవరున్నరు?"

"నేను లేపుతాను, అక్కా" అన్నాను.

"అయితే నడువు" అంది, నా చెయ్యి వదలకుండా.

మేం ఎల్‌బీనగర్‌కు మారేదాకా ఇద్దరం కలిసే నడిచాం. పదకొండో రోజున కూడా నడిచొచ్చి, స్నానం చేసి, కార్యంలో కూర్చుంది. ఎదురింటావిడ చాలాకాలం మాతో మాట్లాడలేదు. ఓనరక్క దుఃఖం తగ్గిందని నేను చెప్పను. కూతురి ఈడు పిల్లలు పరుగెత్తుతూ ఎదురైతే తల తిప్పుకునేది. నడిచొచ్చాక వేళకు తినేది, మాత్ర వేసుకునేది, ఆ రోజు చెయ్యాల్సిన పని చేసేది. అంతకంటే ఆవిడా ఆశించలేదు. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి, గోడ పట్టుకుని డాబా మీదే తిరుగుతోంది. కూతురి పేరు ఇప్పటికీ నా ఎదుట పలకదు.

రోజులు వాటంతటవే గడిచిపోతాయని అనుకునేదాన్ని. కొందరు ప్రతి పొద్దునీ తమ కాళ్ళతోనే దాటాలని ఆవిడ పక్కన నడిచాకే తెలిసింది.