సాయం కావాలన్న గడి

మచిలీపట్నంలో నేను ఇంటర్ పాఠాలు చెప్పే రోజుల్లో, నాగాయలంక దగ్గర సముద్రంలో వేటకెళ్లే వాళ్ల అమ్మాయి ఒకతె నా దగ్గర చదివేది. "ధైర్యం చెప్పకండి సార్, ఛాన్సెంతుందో చెప్పండి" అనేది ఎప్పుడూ.

సీటు దొరకడమే గగనమైన ఓ పెద్ద కాలేజీకి దరఖాస్తు నింపుతోంది. ఆర్థిక సాయం కావాలన్న గడిలో టిక్కు పెడితే, డబ్బు కట్టగలిగేవాళ్లనే ముందు చూస్తారు కనుక ఛాన్సు తగ్గుతుందని ఉన్నమాటే చెప్పాను.

"సాయం లేకుండా సీటొస్తే ఏం చేసుకోనండీ?" అంటూ టిక్కు పెట్టేసింది.

సీటొచ్చింది. ఫీజు మాఫీ చేశారు, హాస్టల్ ఖర్చు మాత్రం మీదేనన్నారు. నేను పొంగిపోయాను. ఆమె నా ఎదుటే కూర్చుని, హాస్టల్ ఖర్చు కూడా ఇవ్వకపోతే రాలేనని కాలేజీకి మెయిల్ రాసింది. వచ్చిన సీటు పోతుందని మొత్తుకున్నాను.

"మధ్యలో మానేసి వచ్చేకంటే ఇప్పుడే చెప్పడం నయం కదండీ" అంది.

వారానికి జవాబొచ్చింది, హాస్టల్ కూడా ఇస్తామని. నమ్మలేక దాన్ని రెండుసార్లు పైకి చదివింది నేనే.